సీఏలో చేరండి, హాస్టల్ సీటు వదలకండి



ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు ఇంటర్ పిల్లలు నా పక్కన చేరతారు. వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇంటర్ అయిపోగానే డిగ్రీకి పోకుండా నేరుగా సీఏ చదవొచ్చా?" నిలబడి చెప్పే రెండు మాటల్లో దీనికి జవాబు దొరకదు. అందుకే ఈసారి సంచికకు వ్యాసం అడిగినప్పుడు దీని గురించే రాస్తానన్నాను.

ఈ ప్రశ్నకు మన చుట్టూ రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, "డిగ్రీ లేనివాడికి విలువేముంది? ముందు డిగ్రీ చెయ్యి, తర్వాత చూద్దాం." రెండోది మరీ చెడ్డది. "సీఏ అంటే షావుకార్ల పిల్లల చదువు, మనకెందుకు?" ఈ రెండూ తప్పే. అయితే, "డిగ్రీ గిగ్రీ ఏం అక్కర్లేదు, సీఏలో దూకెయ్" అని ఊరించే మూడో జవాబు కూడా మన పిల్లలకు ప్రమాదమే. ఆ మూడో జవాబు నమ్మి దూకినవాణ్ణి నేను. ఒడ్డుకు చేరాను గానీ చాలా నీళ్ళు తాగి చేరాను. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంటర్ కాగానే సీఏలో చేరండి, కానీ హాస్టల్ సీటు మాత్రం వెంటనే వదలకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

లెక్క ఎవరి చేతిలో ఉండేది?

మన ఊళ్ళలో లెక్క రాయడం అనేది ఒక పని కాదు, ఒక అధికారం. ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ. ఎవరి భూమి ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టారు, పహాణీలో ఎవరి పేరు ఎక్కాలి, అంతా ఆ పుస్తకంలోనే. ఆ పుస్తకం తండ్రి తర్వాత కొడుకుకి వచ్చేది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పద్ధతిని రద్దు చేసేదాకా అదే నడిచింది. మా నాయన వేలిముద్ర వేసినవాడే గానీ ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదివినవాడు కాదు. కిరాణా కొట్టు చిట్టాలోనూ అంతే. ఎంత తెచ్చామో మనకు తెలుసు, ఎంత రాశారో మాత్రం షావుకారికే తెలుసు.

అందుకే లెక్కల చదువు మన పిల్లలకు మామూలు ఉద్యోగం కోసం మాత్రమే కాదంటాను. బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగానే ఎక్కువగా తలచుకుంటాం. కానీ ఆయన మొదట ఆర్థికశాస్త్రవేత్త. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. రూపాయి సమస్య మీద ఆయన రాసిన పుస్తకం 1923లో లండన్‌లో అచ్చయింది. దేశపు డబ్బు లెక్కల్ని ప్రశ్నించే చదువు చదివిన మనిషి ఫొటో మన డైనింగ్ హాల్లో ఉంది. ఆ ఫొటో కింద కూర్చుని తినే పిల్లలు "లెక్కలు మనకెందుకు" అనకూడదు.

ఇంకో మాట. మీకు అకౌంట్స్ రావని ఎవరన్నారు? మన హాస్టల్ స్టాకు రిజిస్టరు ఎప్పుడైనా చూశారా? నా చేతిరాత బాగుంటుందని వార్డెన్ సారు నాతో అప్పుడప్పుడూ రాయించేవారు. నెల మొదట్లో బియ్యం 420 కిలోలు ఉన్నాయి. మధ్యలో 500 కిలోలు వచ్చాయి. వండటానికి 610 కిలోలు ఇచ్చారు. అంటే మిగలాల్సింది 310 కిలోలు. ప్రారంభ నిల్వ, రాబడి, ఖర్చు, ముగింపు నిల్వ. అకౌంట్స్ పుస్తకంలో మొదటి పాఠం ఇదే. స్టోరు గదిలో బస్తాలు తూస్తే 290 కిలోలే ఉన్నాయనుకోండి. ఆ 20 కిలోలు ఏమయ్యాయని మర్యాదగా, కాగితం చూపించి అడగటమే ఆడిట్. మెస్ కమిటీలో పనిచేసిన ప్రతి పిల్లవాడికీ ఈ చదువు అప్పుడే మొదలైనట్టు లెక్క.

నేరుగా అంటే ఏమిటి?

సీఏ కోర్సును నడిపేది ఏ యూనివర్సిటీ కాదు. పార్లమెంటు 1949లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా. పదో తరగతి పాసైతే పేరు నమోదు చేసుకోవచ్చు, పరీక్ష రాయడం మాత్రం ఇంటర్ అయ్యాకే. ఎంపీసీ వాళ్ళయినా, సీఈసీ వాళ్ళయినా, ఎవరైనా రాయవచ్చు. మెట్లు మూడు. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. (మన కాలేజీ ఇంటర్‌తో కలిసిపోకుండా రెండో మెట్టును సీఏ ఇంటర్ అంటాను.)

ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులు. అకౌంటింగ్, బిజినెస్ లా, గణితం-స్టాటిస్టిక్స్-రీజనింగ్ కలిసిన పేపరు, ఎకనామిక్స్. ప్రతి పేపరులో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. చివరి రెండు పేపర్లు బిట్లు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. సీఏ ఇంటర్‌లో ఆరు పేపర్లు, ఫైనల్‌లో ఆరు. రెండింటిలోనూ మూడేసి పేపర్లు ఒక గ్రూపు. సీఏ ఇంటర్‌కూ ఫైనల్‌కూ మధ్య ఒక సీఏ దగ్గర పని నేర్చుకోవాలి. దాన్నే ఆర్టికల్‌షిప్ అంటారు. గురువు దగ్గర ఉండి పని నేర్చుకునే పాత పద్ధతే ఇది. కాకపోతే ఇక్కడ ఒప్పందం ఉంటుంది, నెలనెలా ఎంతో కొంత స్టైపెండ్ ఉంటుంది.

అంతా మొదటిసారికే పాసైతే ఇంటర్ తర్వాత దాదాపు మూడున్నరేళ్ళలో సీఏ అయిపోవచ్చు. బీకాం వాడు డిగ్రీ పట్టా పుచ్చుకుని "ఇక ఏం చేద్దాం" అనుకునే సమయానికి వీడు ఆడిట్ రిపోర్టు కింద సంతకం పెట్టగలడు. ఇల్లు గడవడమే కష్టమైన మన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. రిజర్వేషన్ లేదు, నిజమే. కానీ డొనేషన్ కూడా లేదు. మేనేజ్‌మెంట్ కోటా లేదు. ఎవరి కొడుకైనా ఆ 40, ఆ 50 దాటాల్సిందే.

అయితే "అంతా మొదటిసారికే పాసైతే" అన్నానే, అసలు కిటుకు ఆ మాటలోనే ఉంది. 2023 డిసెంబరు ఫౌండేషన్ పరీక్షలో పాసైనవాళ్ళు దాదాపు 30 శాతం. 2024 జూన్ పరీక్షలో 15 శాతానికి కొంచెం తక్కువ. అంటే వందలో డెబ్భై నుంచి ఎనభై అయిదు మంది మొదటి మెట్టు దగ్గరే ఆగారు. వాళ్ళంతా మొద్దులు కారు. మళ్ళీ రాస్తారు, చాలామంది దాటతారు. ప్రశ్న ఏమిటంటే, మళ్ళీ రాసేదాకా ఎక్కడ ఉంటారు? ఏం తింటారు? షావుకారు కొడుకు ఇంట్లో ఉంటాడు. మరి మనం?

నేను చేసిన పొరపాటు

నేను 2007లో ఇంటర్ పాసయ్యాను. అప్పట్లో ఫౌండేషన్ స్థానంలో సీపీటీ అని 200 మార్కుల బిట్ల పరీక్ష ఉండేది. అది మొదటిసారికే దాటాను. ఆ ఊపులో డిగ్రీలో చేరనేలేదు. ఆనాటి పద్ధతిలో సీపీటీ కాగానే ఆర్టికల్‌షిప్ మొదలుపెట్టవచ్చు. మూడున్నరేళ్ళు. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేరాను. ట్రంకు పెట్టె సర్దుకుని హాస్టల్ ఖాళీ చేశాను. ఖాళీ చేయక తప్పలేదు. కాలేజీ బోనఫైడ్ ఉంటేనే హాస్టల్ సీటు, కాలేజీలో 75 శాతం హాజరుంటేనే స్కాలర్‌షిప్. నాకు కాలేజీయే లేదు. నేను సర్కారు కాగితాల్లో విద్యార్థిని కాదు, ఉద్యోగినీ కాదు.

స్టైపెండ్ గది అద్దెలో నా వాటాకు సరిపోయేది. తిండికి, బస్ పాసుకు నాయన పంపాలి. నాయన కూలి డబ్బుల్లోంచి పంపేవాడు. పొద్దంతా ఆఫీసు, రాత్రి చదువు. గ్రూపులు ఒకటి పోతే ఒకటి నిలబడేది కాదు. ఆర్టికల్‌షిప్ అయిపోయింది గానీ ఫైనల్ మాత్రం లొంగలేదు. 2011లో ఇంటికి వెళితే, నాతో ఇంటర్ చదివి మామూలు డిగ్రీ చేసినవాడు బ్యాంకు ఆఫీసరు పరీక్షకు అప్లికేషన్ పెడుతున్నాడు. నేనూ పెడదామని చూశాను. అర్హత: ఏదైనా డిగ్రీ. నాలుగేళ్ళు బ్యాలెన్స్ షీట్లు తయారుచేసినవాణ్ణి, బ్యాంకు బ్రాంచి ఆడిట్లకు వెళ్ళినవాణ్ణి, ఆ బ్యాంకులో ఆఫీసరు పరీక్ష రాయడానికి పనికిరాను. చట్టం దృష్టిలో నేను ఇంటర్ పాస్. అంతే.

ఆ రోజు మా అమ్మ ఏమీ అనలేదు. "నీ చదువు ఎప్పుడైపోతది బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర లెక్క లేదు.

తర్వాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీకాం కట్టి పూర్తిచేశాను. డిగ్రీ చేతికొచ్చాక భయం తగ్గింది. భయం తగ్గాక ఫైనల్ కూడా పాసయ్యాను, 2015లో. నాతోపాటు ఆ ఆఫీసులో చేరిన మన హాస్టళ్ళ పిల్లలు ఇద్దరు మధ్యలోనే మానేశారు. వాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు. ఒకడికి తిండి ఖర్చు, ఇంకొకడికి చెల్లెలి పెళ్ళి. పేపర్లు కాదు వాళ్ళను ఫెయిల్ చేసింది.

డిగ్రీ విలువ గురించి ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. సీఏ పూర్తయితే గౌరవానికి లోటు లేదు. 2021లో యూజీసీ కూడా సీఏ, సీఎస్, ఐసీడబ్ల్యూఏలను నెట్ పరీక్షకు పీజీతో సమానంగా పరిగణించవచ్చంది. కానీ మధ్యలో ఆగినవాడికి ఆ సమానత్వం లేదు. బ్యాంకు పరీక్షలకు డిగ్రీ కావాలి. ఎస్ఎస్‌సీ సీజీఎల్ ద్వారా వచ్చే ఆడిటర్, అకౌంటెంట్ ఉద్యోగాలకు డిగ్రీ కావాలి. 2017లో జీఎస్టీ వచ్చాక వ్యాపారుల రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్ అనే కొత్త పని పుట్టింది. దానికి కూడా కామర్స్ వంటి డిగ్రీ గానీ, పూర్తయిన సీఏ గానీ ఉండాలి. సగం సీఏ పనికిరాదు. సగం దూరం ఈదినవాడికి ఒడ్డు లేదన్నమాట.

2023లో ఏం మారింది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2023 జూలై నుంచి సీఏ కోర్సు పద్ధతి మారింది. ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. స్టైపెండ్ కనీస మొత్తం పెంచారు. అంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటుంది. సీఏ ఇంటర్‌లో రెండు గ్రూపులూ పాసైన తర్వాతే ఆర్టికల్‌షిప్ మొదలవుతుంది.

దీన్ని చాలామంది "అయ్యో, ఆలస్యమవుతుంది" అని చూస్తున్నారు. నేను మాత్రం హాస్టల్ పిల్లవాడి కళ్ళతో చూస్తాను. నా రోజుల్లో సీపీటీ కాగానే ఆఫీసుకు పోవాలి, ఆఫీసుకు పోతే కాలేజీ పోతుంది, కాలేజీ పోతే హాస్టల్ పోతుంది. ఇప్పుడు ఫౌండేషన్‌కు నాలుగు నెలలు, సీఏ ఇంటర్‌కు ఎనిమిది నెలలు చదువుకునే కాలం. ఈ కాలమంతా ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు. పుస్తకం, కుర్చీ, కడుపుకు అన్నం ఉంటే చాలు. అవి మూడూ ఎక్కడున్నాయి? మన హాస్టల్లోనే ఉన్నాయి.

కాబట్టి నేను చెప్పే దారి ఇది. ఇంటర్ రిజల్టు రాగానే రెండు పనులు చెయ్యండి. దోస్త్‌లో బీకాం సీటు తీసుకుని కాలేజీ హాస్టల్లో చేరండి. అదే నెలలో సీఏ ఫౌండేషన్‌కు రిజిస్టర్ చేయించుకోండి. బీకాంలో చెప్పే అకౌంట్స్, బిజినెస్ లా, ఎకనామిక్స్ మీకు ఫౌండేషన్‌లో పనికొస్తాయి. ఒక్క చదువుకు రెండు పరీక్షలు. ఫస్టియర్లో ఫౌండేషన్, సెకండియర్లో సీఏ ఇంటర్. తప్పితే థర్డియర్ ఉండనే ఉంది. 2024లో ఈ రెండు పరీక్షల్నీ ఏడాదికి మూడుసార్లకు పెంచారు కాబట్టి ఒకసారి తప్పితే ఆరు నెలలు ఎదురుచూసే బాధ తగ్గింది.

సెకండియర్లోనే రెండు గ్రూపులూ పాసయ్యారనుకోండి. మంచి సమస్యే. అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఇంకో ఏడాది ఆగి బీకాం పూర్తిచేసి ఆర్టికల్‌షిప్‌లో చేరొచ్చు. లేదా వెంటనే ఆఫీసులో చేరి, ఇన్‌స్టిట్యూట్ నిబంధనలు ఒప్పుకుంటే, ఆఫీసు వేళలకు అడ్డురాకుండా దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసుకోవచ్చు. ఏది మంచిదో మీ ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోండి. డిగ్రీని మాత్రం గాలికి వదలొద్దు.

ఈ దారిలో మహా అయితే రెండేళ్ళు ఆలస్యం. ఆ రెండేళ్ళకు బదులుగా దొరికేదేమిటో లెక్క వేయండి. మూడేళ్ళు అద్దె లేని గది. మూడేళ్ళు తిండి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి కాలేజీ హాస్టల్ విద్యార్థికి మెస్ చార్జీ నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెంచారు. అది తక్కువని మనమంతా తిట్టుకుంటాం, నిజమే. కానీ బయట గదిలో ఉండి ఆ 2100తో నెలంతా మూడు పూటలా తిని చూడండి, హాస్టల్ సీటు విలువ తెలుస్తుంది. దాంతోపాటు చేతిలో ఒక డిగ్రీ. పరీక్ష తప్పినా రోడ్డు మీద పడమన్న ధైర్యం. ఈ ధైర్యానికి ఏ పద్దు కింద ఎంత వేస్తారో మీరే చెప్పండి.

యూనివర్సిటీ సంగతి

నా అభిప్రాయం వినగానే మన హాస్టల్ పెద్దలొకరు కోప్పడ్డారు. "మేము యూనివర్సిటీకి పోయినందుకే మనుషులమయ్యాం. ఉస్మానియాలో లైబ్రరీ చూశాం, ఉద్యమాలు చూశాం, మాట్లాడటం నేర్చుకున్నాం. ఇప్పుడు నువ్వు పిల్లల్ని ఆడిట్ ఫైళ్ళ మధ్య కూర్చోబెడతానంటావా?" అన్నారు.

ఆ మాటలో న్యాయముంది. ఆర్టికల్ క్లర్కుగా తిరిగే పిల్లవాడికి వోచర్లు టిక్కు పెట్టడం వస్తుంది గానీ ఓ కవిత చదివే తీరిక ఉండదు. సభలో నిలబడి మాట్లాడే అలవాటు రాదు. పద్దెనిమిదేళ్ళకే లోకం డెబిట్, క్రెడిట్ కింద కనబడటం మొదలవుతుంది. నాకూ ఆ లోటు ఉంది. ముప్పై దాటాక తీరిగ్గా పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను.

కానీ ఆయనకు నేను చెప్పిన జవాబు కూడా మీరు వినాలి. యూనివర్సిటీ ఎక్కడికీ పోదు, ఏ వయసులోనైనా తలుపు తట్టవచ్చు. ఇంకో సంగతి, మన ఊళ్ళ పిల్లలందరికీ క్యాంపస్ దొరకడం లేదు. ఎక్కువమందికి దొరికేది మండల కేంద్రంలో డిగ్రీ కాలేజీ, అక్కడ లెక్చరర్ ఉన్న రోజు క్లాసు, లేని రోజు సెలవు. ఆ మూడేళ్ళు ఖాళీగా గడిపి "డిగ్రీ అయింది" అనుకోవడం కంటే, అదే మూడేళ్ళలో సీఏ ఇంటర్ కూడా దాటడం మేలు కాదా? యూనివర్సిటీ నేర్పేదాన్ని వద్దనడం లేదు. ఖాళీ సమయాన్ని డిగ్రీ అని పిలవొద్దంటున్నాను.

ఇంగ్లీషు, కోచింగ్, ఆఫీసు తలుపు

మూడు అడ్డంకుల గురించి దాచకుండా చెప్పాలి.

మొదటిది ఇంగ్లీషు. సీఏ పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. తెలుగు లేదు. తెలుగు మీడియం పిల్లలకు అకౌంట్స్ పేపరు భయం లేదు, అంకెలకు భాష లేదు. భయం బిజినెస్ లా దగ్గర. దానికి నేను వాడిన ఉపాయం ఒకటే. రోజూ ఒక సెక్షన్ ఇంగ్లీషులో చదివి, దాన్ని పక్క మంచం వాడికి తెలుగులో చెప్పి, మళ్ళీ చూడకుండా ఇంగ్లీషులో రాయడం. పక్క మంచం వాడు హిస్టరీ విద్యార్థి అయినా ఫర్వాలేదు. వాడికి అర్థమైతే మనకు వచ్చినట్టే.

రెండోది కోచింగ్. కోచింగ్ ఫీజులు చూసి చాలామంది వెనక్కి పోతున్నారు. ఇన్‌స్టిట్యూట్ స్టడీ మెటీరియల్ మొత్తం తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది, ఆన్‌లైన్ క్లాసులు కూడా ఉచితంగా చెబుతుంది. మొదటి మెట్టు దీంతో దాటవచ్చు. కాకపోతే రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు కలిపితే ఫౌండేషన్‌కే పదివేలు దాటుతుంది. ఇన్‌స్టిట్యూట్‌కు బలహీన వర్గాల విద్యార్థుల కోసం, పేద విద్యార్థుల కోసం స్కాలర్‌షిప్పులున్నాయి. నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి.

మూడోది అన్నిటికంటే గట్టిది. ఆర్టికల్‌షిప్ ఇచ్చే ఆఫీసు. చాలా ఆఫీసుల్లో ఖాళీలు తెలిసినవాళ్ళ ద్వారానే నిండుతాయి. నేను తిరిగిన ఒక ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు. "మీవాళ్ళెవరైనా ఈ లైన్లో ఉన్నారా?" అని. లేరన్నాను. "సరే, ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోను ఇప్పటికీ రాలేదు. ఇన్‌స్టిట్యూట్ పోర్టల్ ద్వారా ఆర్టికల్‌షిప్ వెతుక్కునే వీలుంది, వాడుకోండి. కానీ "మీవాళ్ళెవరైనా ఉన్నారా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పోర్టల్ కాదు. మేము.

పూర్వ విద్యార్థులకు, శాఖవారికి ఒక మాట

అన్నలారా, అక్కలారా, మనం ఏటా వచ్చి శాలువా కప్పించుకుని, ఫ్యాన్లు, ప్లేట్లు, వాటర్ ఫిల్టర్లు ఇచ్చి వెళుతున్నాం. మంచిదే. ఇకనుంచి ఇంకో రెండు పనులు చేద్దాం. ఫౌండేషన్ రాసే పిల్లలకు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టే చిన్న నిధి ఒకటి పెడదాం. దాని జమా ఖర్చులు ఏటా ఇదే సంచికలో అచ్చు వేద్దాం. రెండోది, మనలో అకౌంట్స్, బ్యాంకు, ట్యాక్సు ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు తమకు తెలిసిన సీఏలకు ఒక్కొక్క పిల్లవాణ్ణి పరిచయం చేద్దాం. సిఫారసు అంటే సిగ్గుపడనక్కర్లేదు. పరీక్ష పాసైనవాడికి తలుపు చూపించడం సిఫారసు కాదు, బాకీ తీర్చడం.

సాంఘిక సంక్షేమ శాఖవారికి వినయంగా ఒక విన్నపం. 2010లో కేంద్రం సవరించిన ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో మొదటి గ్రూపు కోర్సుల్లోనే సీఏ, ఐసీడబ్ల్యూఏ, సీఎస్ పేర్లున్నాయి. కాగితం మీద మేము విద్యార్థులమే. కానీ 2011లో నేను అడగబోతే "మీ కాలేజీ కోడ్ ఏది?" అన్న ప్రశ్న దగ్గరే నా దరఖాస్తు ఆగిపోయింది. ఆర్టికల్‌షిప్ చేస్తున్న విద్యార్థికి ఇన్‌స్టిట్యూట్ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, ఏ సీఏ దగ్గర ఎప్పటినుంచి పనిచేస్తున్నాడో రికార్డుంటుంది. ఆ పత్రాన్నే బోనఫైడ్‌గా తీసుకుని, ఆ రెండేళ్ళు నగరంలోని కాలేజీ హాస్టల్లో సీటు ఇవ్వండి. ఎంతమంది అడుగుతారని? జిల్లాకు పదిమంది కూడా ఉండరు. కానీ ఆ పదిమంది సీఏలైతే వాళ్ళ వెనక వచ్చేవాళ్ళను "మీవాళ్ళెవరైనా ఉన్నారా" అని అడిగితే ఉన్నారని చెప్పుకోవచ్చు.

ఈ మాట నిజమయ్యేదాకా, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నేను మొదట చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. భయపడి ఆగకండి, ఆవేశపడి దూకకండి. ఇంటర్ కాగానే సీఏలో పేరు రాయించండి. రెండు గ్రూపులూ పాసయ్యేదాకా హాస్టల్ మంచం మీదే కూర్చుని చదవండి. డిగ్రీ కాగితం ట్రంకు పెట్టెలో అడుగున పడి ఉన్నా సరే, ఉండాలి.

మా నాయన ఇప్పుడు సంతకం నేర్చుకున్నాడు. కానీ ఏ కాగితం వచ్చినా ముందు నాకు ఇచ్చి, "చదివి చెప్పు బిడ్డా, ఏం రాసిండ్రో" అంటాడు. నేను చదివి, లెక్క సరిచూసి, సరిగ్గా ఉందంటేనే సంతకం పెడతాడు. మన ప్రతి వాడలోనూ అలా లెక్క సరిచూసి చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. వచ్చే ఏడాది ఇదే పందిట్లో మీలో ఎవరో ఒకరు నా పక్కన చేరి, "అన్నా, ఫౌండేషన్ దాటాను" అంటే, ఆ రోజు శాలువా మీకు కప్పిస్తాను.

మీ పూర్వ విద్యార్థి